ఊపిరికెన్ని మాటలు

మనిషికి ఆయాసం ఎంతుందో కనుక్కోడానికి డాక్టర్లు మెడలో గొట్టం వేసుకు తిరుగుతారు. ఆయాకి గొట్టం ఇవ్వరు. అందుకని దేవమణి మాటలు లెక్కపెట్టేది.

"రాత్రి ఏం తిన్నారు?" అని అడిగి, రోగి జవాబు చెబుతుంటే కొంగుచాటున వేళ్ళు ముడిచేది. ఒక ఊపిరికి ఎనిమిది, పది మాటలు చెప్పగలిగితే ఆ మనిషి వరండాలో కూర్చోవచ్చు. అయిదైతే వీపు కింద ఇంకో దిండు పెట్టాలి. మూడైతే సిలిండరు మంచం దగ్గరికి జరపాలి. ఒక్కటే అయితే సిస్టరు అన్నమ్మగారి కోసం పరుగెత్తాలి. ఆ ఒక్కటీ లేకపోతే పాస్టరుగారి కోసం పరుగెత్తాలి. ఈ పద్ధతి ఏ పుస్తకంలోంచీ వచ్చింది కాదు. నాలుగేళ్ళు ఆయాసం వార్డులో గుడ్డలు మారుస్తూ, వీపులు తడుతూ, కళ్ళెలు పట్టిన గిన్నెలు కడుగుతూ ఆమె తనకి తానే పెట్టుకున్నది. దొరసాని డాక్టరమ్మ ఒకసారి దీన్ని గమనించి, తన గొట్టంతో విని సరిచూసుకుని, "నీ వేళ్ళు నా గొట్టం కంటే తొందరగా చెబుతున్నాయి" అంది. ఆ మాట కాగితం మీద రాసిచ్చి ఉంటే బాగుండేది. రాసివ్వలేదు. రెండు నెలల కిందట సెలవు మీద తన దేశం వెళ్ళిపోయింది. నోటిమాట కూడా ఆవిడతో ఓడెక్కి వెళ్ళిపోయింది.

ఆ మంగళవారం పొద్దున్న గంగులు బండి ఆమదాలవలస స్టేషను నుంచి నాలుగు ఆక్సిజను సిలిండర్లు వేసుకుని మిషను ఆసుపత్రి ముందు ఆగింది. గడ్డి పరిచి, గోనెలు కప్పి, నలుగురు మనుషుల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తెచ్చాడు గంగులు.

"దేవమణమ్మా! నీ పెల్లికొడుకులు నలుగురూ దిగినారు. మేలాలు లేకండానే వొచ్చీసినారు, సూసుకో."

"చేతులకి కందెన ఉందా గంగులూ?"

"బండోడి సేతికి కందెన లేకపోతే అత్తరుంటాదేటి?"

"సబ్బు అక్కడుంది. కడుక్కుని ముట్టుకో."

గంగులు గొణుక్కుంటూ కడుక్కున్నాడు. బండి ఇరుసుకి రాసే జిడ్డుకీ సిలిండరులో ఉండే గాలికీ ఆజన్మవైరమని, ఆ గాలి తగిలితే జిడ్డు నిప్పు లేకుండానే భగ్గుమంటుందని దేవమణి అతనికి నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది. అతను నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు. సిలిండర్లు దించాక ఆమె ఒక్కొక్క దాని మెడా పొడిగుడ్డతో తుడిచింది. నడుముకి నాడాతో కట్టుకున్న ఇనుప తాళం తీసి, మొదటిదాని తలమీద పెట్టి, ఒక్క పిసరు తిప్పి మూసేసింది. 'ఫస్స్' మని గాలీ, దాంతో మూతిలో చేరిన దుమ్మూ బయటికి పోయాయి. తరవాత గాలి ఎంతుందో చూపే గడియారం బిగించింది. మూసిన కళ్ళతో కూడా చెయ్యగలిగే పని. అయినా కళ్ళు తెరుచుకునే చేసేది.

నాలుగో నెంబరు మంచం మీద దానమ్మ ఆ చప్పుడు విని మొహం గోడవైపు తిప్పుకుంది.

దానమ్మ ఆసుపత్రి కమిటీ సెక్రటరీ సత్యంగారి తల్లి. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళు తాటాకు పొయ్యి ఊది, చాటుగా అడ్డపొగ కాల్చి, ఊపిరితిత్తుల్ని పాతగుడ్డలు చేసుకుంది. అడ్డపొగ అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడం. బయటికి నిప్పు కనిపించదు కాబట్టి కొడుకు కంటపడదు. ఆదివారం నాడు ఆవిణ్ణి రెండు మాటల ఊపిరితో తీసుకొచ్చారు. మాస్కు చూడగానే ఆ రెండు మాటలూ "గాలి... వొద్దు" అన్నవే అయ్యాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ అదే నమ్మకం: ఆసుపత్రిలో గాలి పెట్టినవాళ్ళు గాలిలో కలిసిపోతారని. ఒకవిధంగా అబద్ధమూ కాదు. ఇంట్లో అన్ని కషాయాలూ అయ్యాక, ఆఖరి రోజున తెచ్చేవారు మరి. దేవమణి అప్పుడు మాస్కు తన మొహానికే పెట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకుంది. "ఇది గాలి కాదు మామ్మగారూ, ఊపిరి సీసా," అని, గాలి దాటి వచ్చే నీళ్ళసీసాలోంచి లేస్తున్న బుడగలు చూపించింది. "బుడగ లేచినంతసేపూ మీకేం భయం లేదు." దానమ్మ ఆ బుడగల్ని చూస్తూ చూస్తూ మాస్కు పెట్టనిచ్చింది. అప్పట్నించీ దేవమణి తప్ప ఇంకెవరు వచ్చినా పెదాలు బిగించేది.

"మల్లీ తెచ్చీసినారా?" అంది గోడతో.

"మీకోసం కాదు. మీకివాళ వేరే వైద్యం. పొయ్యి ఊదండి."

"ఏటీ?"

"ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నట్టు మూతి సున్నా చుట్టి, మెల్లిగా ఊదండి. తీసుకునేటప్పుడు ముక్కుతో, రెండంకెలు. వదిలేటప్పుడు మూతితో, నాలుగంకెలు. నిప్పు ఆరకూడదు, బూడిద లేవకూడదు."

"ఓలమ్మ, ఈ పిల్ల సూడండి! ఊది ఊదే గదే నా ఊపిరి పోయినాది. మల్లీ ఊదమంతాదేటి?"

"పోయిన దారినే రావాలి కదండీ."

నవ్వబోయి దగ్గింది దానమ్మ. దగ్గు తగ్గాక, మొహమాటానికి ఒకసారి ఊదింది. తరవాత మొహమాటం లేకుండా పదిసార్లు ఊదింది. ఆరు మాటలైంది లెక్క.

మధ్యాహ్నం అన్నమ్మగారు పిలిచి ఒక పొడుగాటి కవరు దేవమణి చేతిలో పెట్టింది. తమిళదేశంలో ఉన్న పెద్ద మిషను ఆసుపత్రి నుంచి వచ్చింది. తొమ్మిది నెలల శిక్షణ. ఆక్సిజను పెట్టే పని, వీపు తట్టి కళ్ళె దింపే పని, మనిషికి బదులు ఊపిరి తీసే యంత్రాల పని. ఈ దేశంలో కొత్త చదువట. ఒక్కో ఆసుపత్రి నుంచీ ఒక్కరు. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, ఆక్సిజనుతో రెండేళ్ళ అనుభవం ఉండాలి. శనివారం పోస్టులో పడాలి.

"నీకోసమే ముద్రించినట్టుందే," అంది అన్నమ్మగారు.

దేవమణి ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైంది. నర్సు శిక్షణకి వెళితే ఎత్తు ఒక అంగుళం చాలలేదన్నారు. ఆ అంగుళం లేకపోవడం వల్ల ఆయా అయింది. ఫారం రెండువైపులా తిప్పి చూసింది, ఎత్తు గురించి ఎక్కడా అడగలేదు. ఆమె దగ్గర నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటుంది. అందులో ఎడంవైపు పేజీల్లో ఏం చెయ్యాలో రాసుకుంది, అవి నిండిపోయాయి. కుడివైపు పేజీల్లో ఎందుకు అని రాసుకుంది, అవి ఖాళీ. పాత ఆయాసం ముసలాళ్ళకి గాలి ఎక్కువ పెడితే కుదుటపడకుండా మత్తులోకి ఎందుకు జారిపోతారు? ఒకవైపు ఒత్తిగిలి పడుకుంటే కొందరికి మాటలు ఎందుకు పెరుగుతాయి? డాక్టరమ్మకి 'ఇలా చెయ్యి' అని చెప్పే తీరికే ఉండేది గాని, 'ఇందుకు' అని చెప్పే తీరిక ఉండేది కాదు. ఆ కుడిపేజీలు నిండడానికి తొమ్మిది నెలలు సరిపోతాయనుకుంది దేవమణి. వరండాలో స్టూలు మీద కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఫారమంతా నింపింది. సెక్రటరీ సంతకం చోటు ఒక్కటే మిగిలింది.

గురువారం కమిటీ కూచుంది. ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసింది. మధ్యలో జరిగినదానికి ప్రభువు బాధ్యుడు కాడు. తలుపు తెరుచుకున్నాక సత్యంగారు దేవమణిని లోపలికి పిలిచి, తీర్మానం తానే చదివి వినిపించారు. ఆయనకి గ్రాంథికం మీద ప్రీతి.

"'కుమారి దేవమణి సేవలు ఈ ఆసుపత్రికి మిక్కిలి అమూల్యములైనందున, ఆమెను తొమ్మిది మాసములు విడిచియుండుట అసాధ్యమని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడుచూ, ఆమె స్థానమున స్టోరు గుమస్తా డేవిడ్‌రాజును పంపుటకు తీర్మానించడమైనది.' చూశావా అమ్మా! ఇంతమంది పనివాళ్ళలో ఎవరిగురించైనా మినిట్సులో 'అమూల్యం' అని రాశామా?"

డేవిడ్‌రాజు సత్యంగారి అల్లుడు. తొమ్మిది నెలలు అతను లేకపోతే స్టోరుకి వచ్చే నష్టమేమీ లేదని కమిటీకి బాగా తెలుసు. అక్కరకొచ్చేవాళ్ళు ఉండిపోవాలి, అక్కరలేనివాళ్ళు చదువుకోవాలి. తర్కంలో లోపం లేదు.

"అనుభవం ఉండాలన్నారు కదండీ," అంది దేవమణి.

"రాసే ఉంది కదమ్మా."

ఫారం బల్లమీదే ఉంది. ఒక్కటే ఫారం వచ్చింది కనక రెండోది రాసే వీల్లేకపోయింది. పై వరసలో 'కుమారి దేవమణి' అన్నది రూళ్ళకర్ర పెట్టి కొట్టేసి, పైన డేవిడ్‌రాజు పేరు రాశారు. కిందంతా ఆమె చేతిరాతే. నాలుగేళ్ళ అనుభవం, సిలిండర్ల సంఖ్య, చూసుకున్న రోగుల సంఖ్య, అన్నీ అలాగే పనికొచ్చాయి.

"ఇంకోమాట," అన్నారు సత్యంగారు, గొంతు తగ్గించి. "అమ్మ కూడా బతిమాలింది. ఆ పిల్ల ఎళ్ళిపోతే నాను బతకను నాయినా అంది. వృద్ధప్రాణం. నీకు దయాగుణం ఉంది. ఈలోగా అల్లుడికి కాస్త పని చూపించు. అక్కడికెళ్ళి తెల్లమొహం వెయ్యకూడదు కదా."

వరండాలో అన్నమ్మగారు ఎదురొచ్చింది. "ఏకగ్రీవం కాదే," అంది. "నేను వద్దన్నాను. అది రాయలేదు."

దేవమణి తిన్నగా నాలుగో నెంబరు మంచం దగ్గరికి వెళ్ళింది. దానమ్మ గంజి తాగుతోంది.

"మామ్మగారూ, నన్ను పంపొద్దన్నది మీరేనా?"

దానమ్మ గ్లాసు దించింది. తప్పించుకునే రకం కాదు. "నానే. నా ఊపిరి నీ సేతిలో ఉన్నాది." ఆగి, ఊదుకుని, మళ్ళీ అంది: "నా ఊపిర్ని నానే రైలెక్కించి అరవదేశం పంపించుకుంతానేటే?"

దేవమణి నోట్లో చాలా మాటలు మెదిలాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. తడిసిన దిండుగలీబు మార్చింది, కొంగుతో ఆవిడ మూతి తుడిచింది.

"మీ ఊపిరి నా చేతిలో లేదు. మీ మూతిలోనే ఉంది. ఊదండి," అంది.

ఆ సాయంత్రం పదేసిసార్లు చొప్పున అయిదు విడతలు ఊదించింది. చేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగి కూర్చోవడం నేర్పింది. నాలుగడుగులు నడిచి, ఆగి, ఊది, మళ్ళీ నాలుగడుగులు నడవడం నేర్పింది. శుక్రవారం పొద్దున్నకి దానమ్మ మంచం దగ్గర్నించి కిటికీదాకా, కిటికీ దగ్గర్నించి వరండాదాకా వచ్చింది. సిలిండరు ముట్టుకోలేదు. వరండాలో కూలబడి, ఎండలో మెరుస్తున్న వేపాకు చూస్తూ, ఒక్క ఊపిరికి పది మాటలు మాట్లాడింది. అందులో నాలుగు కోడలిమీద ఫిర్యాదులు. ఫిర్యాదులు రావడం ఆరోగ్యానికి మంచి గుర్తు.

"నాకు తెలీదనుకున్నావేటే," అంది ఉన్నట్టుండి. "నన్ను ఒగ్గీసి ఎల్లిపోడానికే గదా ఇంత నేర్పుతున్నావు?"

"అవునండి."

దానమ్మ ఆమె మొహంలోకి చూసింది. అబద్ధం చెబుతుందనుకుంది కాబోలు. తరవాత దేవమణి మణికట్టు పట్టుకుని, "రేపు మావోడొస్తాడు," అంది. "కాగితం పోస్టులో ఎయ్యకముందు సెప్తాన్లే. నాకు బాగున్నాది, ఈ పిల్లనే పంపించండిరా అని సెప్తాను. పెబువు తోడు."

దేవమణి ఆ రోజంతా గబగబా నడిచింది. నడకలో ఒక అంగుళం పొడుగైనట్టు కనిపించిందని ఊడ్చే దాలమ్మ తరవాత చెప్పింది.

డేవిడ్‌రాజుకి పాఠం కూడా ఆ రోజే. ఇస్త్రీ చొక్కా, కొబ్బరినూనె ఓడుతున్న తల. ఖాళీ సిలిండరు తల బిగుసుకుపోయి తిరగలేదు. "ఉండండి," అని బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు గంగులు బండి ఇరుసు దగ్గర్నించి వేలినిండా కందెన తీసుకొచ్చాడు.

"ఆగండి!"

ఆ కేకకి అతను కందెన చొక్కాకే రాసుకున్నాడు.

"బండికైనా కుట్టు మిషనుకైనా ఇదే కదండీ రాస్తారు," అన్నాడు బిక్కమొహంతో.

"బండి పేలదు కదండీ."

కారణం విన్నాక అతను సిలిండరుకి మూడు గజాల దూరాన నిలబడ్డాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "దేవమణిగారూ, నిజం చెబుతున్నాను. నాకు దగ్గు వింటేనే కడుపులో తిప్పుతుంది. కళ్ళె చూస్తే ఆ పూట అన్నం సయించదు. మావగారి మాట కాదనలేను. మీరు వెళ్ళవలసింది. అది నాకు తెలుసు."

"తెలిసి ఏం చేస్తారు?"

అతను చొక్కామీద మరక చూసుకున్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని దేవమణి గట్టిగానే ప్రయత్నించింది. మడమెత్తు నీళ్ళలో ఈదబోయినట్టయింది.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అంది. "గడియారం అబద్ధం చెప్పొచ్చు. రోగి అబద్ధం చెప్పొచ్చు. చుట్టాలు తప్పకుండా చెబుతారు. నీళ్ళసీసాలో బుడగ మాత్రం చెప్పదు. మాస్కు పెట్టగానే ముందు బుడగలు చూడండి."

డేవిడ్‌రాజు బుద్ధిగా జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు: 'ముందు బుడగలు'.

శనివారం పదిగంటలకి సత్యంగారు వచ్చారు. జేబులో పొడుగాటి కవరు తల బయటికి పెట్టి ఉంది. పోస్టు సంచి పదకొండున్నరకి కడతారు. వెనకాల అల్లుడూ, అన్నమ్మగారూ. దేవమణి ముందే దానమ్మకి తల దువ్వి, తెల్లచీర కట్టి, వరండాలో కూర్చోబెట్టింది. అప్పటికి గంటసేపట్నించీ దానమ్మ దాలమ్మతో పోట్లాడుతోంది. ఊపిరికి పన్నెండు మాటలకి తక్కువ లేవు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు సత్యంగారు.

దానమ్మ కొడుకు వైపు చూసింది. అతని జేబు వైపు చూసింది. తరవాత దేవమణి నడుముకి వేలాడుతున్న ఇనుప తాళం వైపు చూసింది. ఆ తాళం మీద ఆవిడ చూపు ఆగిపోవడం దేవమణి గమనించింది.

దానమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మో, ఓలమ్మో, ఈ పిల్ల ఒక్క పూట లేకపోతే నా పానం నిలవదు గావాల నాయినా, దీన్ని ఎక్కడికీ పంపకండిరా బాబూ!"

పదహారు మాటలు. ఒక్క ఊపిరికి. దేవమణి రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. ఊపిరి నిజంగా అందని మనిషికి 'ఓలమ్మో' అనడానికే తీరిక ఉండదు, అందులోనూ రెండుసార్లు.

"చూస్తావేమిటి, గాలి పెట్టు!" అన్నారు సత్యంగారు.

దేవమణి పెట్టింది. సిలిండరు జరిపింది, గొట్టం తగిలించింది, మాస్కు దానమ్మ మొహానికి శ్రద్ధగా సర్ది, చెవుల వెనక పట్టీ కూడా సరిచేసింది. తాళం మాత్రం నడుముకే ఉండిపోయింది.

దానమ్మ కళ్ళు మూసుకుంది. రెండు ఊపిర్లు తీసుకుంది. మాస్కులోంచి గొంతు బోలుగా వచ్చింది: "అమ్మయ్య. పానం లేసొచ్చినాది."

"చూశారా సిస్టరుగారూ!" అన్నారు సత్యంగారు, కళ్ళు చెమ్మగిల్లి. "కమిటీ ఊరికే తీర్మానం చేసిందా? క్షణంలో ఎంత తేడా!"

డేవిడ్‌రాజు జేబులోంచి చీటీ తీసి చూసుకున్నాడు. నీళ్ళసీసా దగ్గరికి వంగాడు. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"మావగారూ," అన్నాడు భయంభయంగా, "బుడగలు రావట్లేదండి."

సీసాలో నీళ్ళు గ్లాసులో నీళ్ళలాగే ఉన్నాయి. దానమ్మ ఒక కన్ను తెరిచింది.

అన్నమ్మగారి పెదవి చివర ఏదో మెదిలింది. "సత్యంగారూ," అంది మెల్లిగా, "అమ్మగారు గాలి లేకుండానే కుదుటపడ్డారు. గమనించారా?"

సత్యంగారు సీసా వైపు చూశారు, తల్లి వైపు చూశారు. ఆయన మొహంలో ఒక ఆలోచన బయల్దేరి, చాలా దూరం వచ్చి, గుమ్మందాకా వచ్చి, ఎందుకొచ్చిన గొడవని వెనక్కి తిరిగిపోయింది. దాని బదులు ఇంకోటి, ఇంటికి అనుకూలమైనది, లోపలికొచ్చింది.

"ప్రభువు కృప!" అన్నారు. "అది సరే, ఇంతమందిమి ఉన్నాం, నాలుగేళ్ళ అనుభవస్థురాలు ఉంది. ఎవరికీ కనిపించనిది మా డేవిడ్‌కి కనిపించింది! ఒక్కరోజు పాఠానికి! చదివిస్తే ఇంకేమౌతాడు?" దేవమణి వైపు తిరిగారు. గొంతులో కాఠిన్యం కంటే జాలే ఎక్కువుంది, అదే భరించడం కష్టం. "నువ్వు తాళం తిప్పడం మరిచిపోయావమ్మా. అల్లుడు చూడబట్టి సరిపోయింది. మనసు చదువు మీదికి పోతే పని ఇలాగే అవుతుంది."

"మరిచిపోలేదండి," అంది దేవమణి.

ఇంకొక్క వాక్యం చెబితే చాలు. 'మీ అమ్మగారు నటించారు' అనాలి, అంతే. మాస్కు వెనక దానమ్మ మొహం బిక్కచచ్చిపోయి ఉంది, రెండు కళ్ళూ ఇప్పుడు బాగా తెరిచే ఉన్నాయి. ఆ వాక్యం దానమ్మ చెప్పాలని దేవమణి ఎదురుచూసింది. తెల్లచీర కట్టి, తల దువ్వి, నలుగురిలో కూర్చోబెట్టిన ముసలిదాన్ని ఆ నలుగురిలోనే విప్పి చూపించడం తనవల్ల కాలేదు.

దానమ్మ చెప్పలేదు. మాస్కు కూడా తియ్యలేదు.

డేవిడ్‌రాజు ఏదో అనబోయాడు. మావగారు అతని భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయారు. పదకొండూ ఇరవైకి కవరు పోస్టులో పడింది.

ఆదివారం ఆరాధనకి నర్సులు, వంటవాళ్ళు, నడవగలిగిన రోగులు అందరూ గుడికి వెళ్ళారు. వార్డులో దేవమణి, తలుపు దగ్గర దాలమ్మ, నిద్రపోతున్న ఇద్దరు రోగులు, దానమ్మ. శనివారం మధ్యాహ్నం నుంచీ దేవమణి ఆవిడకి చెయ్యవలసినవన్నీ చేసింది. గంజి ఇచ్చింది, మంచం సర్దింది, వీపు తట్టింది. మాట మాత్రం అడగలేదు, కాబట్టి లెక్కా పెట్టలేదు. దానమ్మ ఊదడం మానేసింది. ఎవరూ ఊదమనలేదు.

గుడిలోంచి పాట వినిపిస్తుండగా కాలిన పొగాకు వాసన వచ్చింది. తరవాత ఏదో కింద పడ్డ చప్పుడు.

దేవమణి తిరిగి చూసేసరికి దానమ్మ మంచం అంచున వంగి, రెండు చేతులతో దుప్పటి పట్టుకుని ఉంది. పెదాలు నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయి. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. ఎంగిలితో తడిసిన చుట్ట నేలమీద ఇంకా రాజుకుంటోంది. అందరూ గుడికి పోయిన వేళ చూసుకుని అడ్డపొగ పెట్టిందన్నమాట. దేవమణి ముందు చుట్ట తీసి నీళ్ళబక్కెట్లో పడేసింది. నిప్పున్న చోట సిలిండరు తెరవకూడదు. కిటికీ బార్లా తీసింది.

"దాలమ్మా! సిస్టరుగారిని పిలువు! గుళ్ళోంచి లాక్కురా!"

మాస్కు పెట్టింది. గొట్టం తగిలించింది. తాళం సిలిండరు తలమీద పెట్టింది.

చెయ్యి అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందో తరవాత ఆమె ఎన్నిసార్లు ఆలోచించుకున్నా తేల్చుకోలేకపోయింది. ఒక ఊపిరంత ఉండొచ్చు. రెండు ఉండవు. దానమ్మ ఆ చేతిని చూసింది. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఆవిడకి తెలుసు. చెప్పవలసినవాళ్ళు ఎవరూ లేని చోట, చెప్పడానికి ఊపిరి లేని వేళ, చెప్పింది.

"తప్పు..."

మెడ గుంట లోపలికి పోయింది.

"నాదే..."

మళ్ళీ పోయింది.

"అమ్మా..."

ఒక్కటి. ఒక్కటి. ఒక్కటి. ఈసారి నిజమే. ఊపిరి అందని మనిషికి అబద్ధమాడడం చేతకాదు, అబద్ధానికి మాటలెక్కువ కావాలి.

దేవమణి తాళం తిప్పింది. నీళ్ళసీసా అడుగునుంచి ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకోటి. ఎక్కువ పెట్టకూడదు, పాత ఆయాసం. ఎందుకు పెట్టకూడదో రాయవలసిన కుడిపేజీ ఇంకా ఖాళీగానే ఉంది, ఇక ఉంటుంది. ఆ జవాబు నేర్చుకోడానికి కళ్ళెని చూస్తే అన్నం సయించని మనిషి వెళుతున్నాడు, తను రాసిన అనుభవంతో. ఆమె దానమ్మ వీపు వెనక కూర్చుని, తన భుజానికి ఆనించుకుంది. ముసలిదాని చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది, శుక్రవారం పట్టుకున్న చోటే.

"సెప్తాను..." అంది దానమ్మ. "మావోడికి..."

కవరు నిన్న సాయంత్రం మద్రాసు మెయిలెక్కిపోయింది. ఆ సంగతి చెబుదామనుకుంది దేవమణి. గురువారం నుంచీ మింగినవన్నీ ఒకదాని వెనక ఒకటి గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. వాక్యాలకి వాక్యాలే కూర్చిపెట్టుకుని ఉంది. ఇప్పుడు వినడానికి దానమ్మ తప్ప ఎవరూ లేరు, దానమ్మ ఎక్కడికీ పోలేదు. దేవమణి గట్టిగా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

"ఊదండి," అంది.

ఇంకేమీ రాలేదు. అలవాటు కొద్దీ కొంగుచాటున ఒక వేలు ముడుచుకుంది. అది తన మాటకి.